బయటి గీత మీద కత్తెర

స్కూలు యూనిఫారాలు అప్పజెప్పి మిషనక్క ఇంటికొచ్చేసరికి హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను లేదు. దాని చోట కొత్త సోఫా ఉంది. సోఫాలో ఆవిడ భర్త ఉన్నాడు. ఆయన చేతిలో టీవీ రిమోటు ఉంది. సోఫా, మనిషి, రిమోటు, మూడూ అక్కడే పుట్టి పెరిగినంత నిబ్బరంగా ఉన్నాయి.

మిషను మెట్ల కింద దొరికింది. దాని మీద పాత దుప్పటి కప్పి, పైన ప్లాస్టిక్ పూల కూజా పెట్టారు. ఆ కప్పిన తీరు చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

"దీన్నెవరు జరిపారు?" అని అడిగింది.

"అందరం కలిసి జరిపాం. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు," అన్నాడు ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "సర్‌ప్రైజు."

ఆ ఇంట్లో ఆవిడకి చెప్పకుండా జరిగే పనులన్నిటికీ ఆ పేరే.

కోడలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరేం అనుకోకండి అత్తయ్యా. హాలంతా దారాలూ గుడ్డముక్కలూ. మొన్న మా నాన్న వచ్చి కూర్చుంటే ఆయనకి సూది గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో చెప్పుకోలేక పాపం లేచి నిలబడే కాఫీ తాగారు."

"అమ్మా, ఇన్నేళ్ళు కుట్టావు," అన్నాడు కొడుకు. "ఇక హాయిగా కూర్చో."

"ఎక్కడ కూర్చోను? సోఫాలో మీ నాన్న ఉన్నారుగా."

మిషనక్క పూల కూజా తీసి కింద పెట్టి, దుప్పటి లాగి, మెట్ల కింద నడుం వంచుకుని కూర్చుంది. పట్టపగలు బల్బు వేసినా అక్కడ చీకటే. నల్లదారం కొస తడిచేసి సూది బెజ్జంలోకి పెట్టబోయింది. దారం ఓసారి ఎడమకి, ఓసారి కుడికి పోయింది. మూడోసారి సూదే కనబడలేదు. పైన మెట్ల మీద ఎవరో దిగుతుంటే తల మీద దుమ్ము రాలింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ ఆవిడ కుడుతూనే ఉంది. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మిషను చప్పుడు వినబడే ఇల్లంటే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. వచ్చే టర్ముకి మళ్ళీ స్కూలు వాళ్ళ గుడ్డ తాను రావాలి. కుట్టడానికి చోటు లేదంటే ఆ పని బజారులో పెద్ద షాపుకి పోతుంది. ఒకసారి పోయిన పని తిరిగి రాదు. ఇంట్లో వాళ్ళు దాన్నే విశ్రాంతి అంటున్నారు. వెలుతురు తీసేసి విశ్రాంతి తీసుకోమంటే ఆ మాటకి అర్థం వేరే.

ఆవిడ లేచి వెనక తలుపు తీసి పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో ఒక నిమ్మచెట్టు, బట్టలారేసే తీగ, ప్రహరీ గోడ వారన రేకుల కింద పాత కలప. కిందటేడు ఇంటి పాత కప్పు విప్పి స్లాబు వేసినప్పుడు దిగినవన్నీ అక్కడ పేర్చారు. దూలాలు, వాసాలు, అటక పలకలు, పాత వంటింటి తలుపు, ఒక కిటికీ. ఏడాదిగా వాటిని పిల్లులు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. మిషనక్క ఒక పలక లాగి చేత్తో దుమ్ము తుడిచింది. వేలిగోరుతో నొక్కింది. గోరు దిగలేదు.

ఆ సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉండగా చెప్పింది. "పెరట్లో ఆ పాత కలపతో షెడ్డు కట్టిస్తాను. మిషను అందులో పెట్టుకుంటాను."

"ఆ కలప పాత సామాన్ల ఆయనకి ఇచ్చేస్తానని మాటిచ్చాను," అన్నాడు భర్త. ఆయన ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సర్దడానికి ఇంట్లో ఫైళ్ళు లేక మనుషుల్ని సర్దుతున్నాడు. "ఆదివారం మధ్యాహ్నం బండి తెస్తాడు."

"నాకో మాట చెప్పకుండానే?"

"పుచ్చిపోయిన కర్రలకి కూడా సభ పెట్టాలా?"

"పుచ్చలేదు. నేను చూశాను."

"నువ్వు చూడ్డమేంటి, నువ్వేమన్నా వడ్రంగివా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"నా మిషను నాది. దాని దురద నాదే."

కొడుకు నీళ్ళ గ్లాసు వెనక ముఖం దాచుకున్నాడు. భర్త కంచం పక్కకి జరిపాడు. ఆయనకి ఏ తగువైనా ఒక రూలుగా మారితే తప్ప నిద్ర పట్టదు. "సరే. ఆదివారం బండివాడు ఎత్తుకునేలోపు గోడకెక్కిన పలక నీది. నేల మీదున్న పలక వాడిది. ఆ తర్వాత నాతో వాదించకూడదు."

"మీరూ వాదించకూడదు."

"నేనెప్పుడన్నా వాదించానా?" అన్నాడాయన.

కొడుక్కి పొలమారింది.

మర్నాడు పొద్దున్నే మిషనక్క వీధి చివర వడ్రంగి కొట్టుకి వెళ్ళింది. మేస్త్రి చిత్రిక పడుతూ విషయమంతా విని, పని ఆపి రెండు చేతులూ జోడించాడు.

"పాత కలపా? నమస్కారం తల్లీ. కొత్త కర్ర కొత్తకోడలి లాంటిది, చెప్పినట్టు వింటుంది. పాత కర్ర అత్తగారు. కడుపులో ఎన్ని మేకులు దాచుకుందో కోస్తేగానీ తెలీదు. నా రంపం పళ్ళు రాలిపోతాయి."

"నేనూ అత్తగారినే మేస్త్రిగారూ."

"అందుకే ముందు నమస్కారం పెట్టాను."

"మేకులన్నీ నేను తీసిస్తాను. ఒక్క మేకు మీ రంపానికి తగిలినా ఆ క్షణమే పని ఆపేసి వెళ్ళిపోండి. నేనేం అనను."

మేస్త్రి ఆవిడని ఎగాదిగా చూశాడు. ఆయన వేసుకున్న చొక్కా కూడా ఆవిడ కుట్టిందే. కాదనలేకపోయాడు. నాలుగు మూలలా గుంజలు పాతిపెడతాననీ, శనివారం పలకలు కోసి ఆదివారం పొద్దున గోడలు కొడతాననీ ఒప్పుకున్నాడు.

కుట్టుపని చేసేవాళ్ళ ఇంట్లో ఒక వస్తువు తప్పకుండా ఉంటుంది. నేల మీద రాలిన గుండుసూదులు ఏరే అయస్కాంతం. మిషనక్క దానికో దారం కట్టి, పలకల మీద ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నడిపించింది. రంగు కింద, సున్నం కింద, ఎప్పుడో తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు ఉన్నచోట అయస్కాంతం చటుక్కున అతుక్కునేది. అక్కడ సుద్దతో సున్నా చుట్టేది. తర్వాత ఉలితో కాస్త తవ్వి, పట్టకారుతో పట్టి లాగేది. కొన్ని మేకులు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చాయి. కొన్ని కీచుమని అరిచాయి. ఒకటి ఎంతకీ రాకపోతే పలకని కాలి కింద తొక్కిపెట్టి, "నీకంటే మొండిదాన్ని," అని దానికి వినబడేటట్టు చెప్పింది.

భర్త వెనక వరండాలో పేపరు చదువుతూ మధ్యమధ్య తొంగిచూశాడు. "ఎన్ని తీశావు?" అని ఒకసారి అడిగాడు.

"మీ ఇంటివి, ఎన్నున్నాయో మీకే తెలియాలి," అంది ఆవిడ.

కోడలు మొదట్లో వంటింటి గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయేది. తర్వాత మజ్జిగ గ్లాసు ఇచ్చి నిలబడేది. ఆ తర్వాత ఒకరోజు ఏమీ అనకుండా ఎదురుగా పీట వేసుకుని పలక రెండో చివర పట్టుకుంది.

"మీ నాన్నకి గుచ్చుకున్న సూది కంటే ఇవి పెద్దవమ్మాయ్, చూసుకో," అంది మిషనక్క.

"మా నాన్న అక్కడే కూర్చుంటానని పట్టుబట్టారు అత్తయ్యా. తప్పు సూదిది కాదు," అంది కోడలు. ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట వస్తుందని మిషనక్క అనుకోలేదు.

శుక్రవారానికి మేస్త్రి గుంజలు పాతాడు. మిషనక్క పాత పేపర్లు అతికించి, చొక్కాకి కాగితం కట్ చేసినట్టు గోడకో కాగితం కట్ చేసింది. పెరట్లో పరిచి చుట్టూ రాళ్ళు పెట్టింది. తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, పలక ఏది ఎక్కడికి పోవాలి, అన్నీ చూసుకుని ఆ కాగితం ప్రకారం పలకల మీద సుద్దతో గీసింది. ఇన్నేళ్ళ అలవాటు చొప్పున ఆ చేయి ప్రతి పలక చివరా రెండు గీతలు గీసింది. లోపల ఒకటి, అంగుళం ఎడంగా బయట ఒకటి. గీసిన చేతికే ఆ సంగతి తెలియలేదు.

శనివారం మేస్త్రి రంపం పట్టుకుని వచ్చేటప్పటికి మిషనక్క ముందుగదిలో పక్కింటావిడ గౌనుకి కొలత సరిచూస్తోంది. నోట్లో గుండుసూదులున్నాయి.

"అమ్మా, రెండు గీతలున్నాయి. దేని మీద కొయ్యను?" అని పెరట్లోంచి అడిగాడు మేస్త్రి.

కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ప్రతి పిల్లకీ ఆవిడ మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. బయటి గీత మీద కత్తెర, లోపలి గీత మీద కుట్టు. సూదులు చేతిలోకి తీసుకుని, గౌను మీంచి చూపు తిప్పకుండా, "బయటి గీత," అంది.

మేస్త్రి బయటి గీత మీదే కోశాడు. ఒక్క మేకు కూడా తగల్లేదని సాయంత్రం వెళ్ళేటప్పుడు రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు.

ఆదివారం పొద్దున భర్త పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఆటల పోటీకి ముందు వరస టికెట్టు దొరికినట్టు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మేస్త్రి మొదటి పలక ఎత్తి గుంజలకి ఆనించాడు. అటు అంగుళం, ఇటు అంగుళం బయటికి పొడుచుకొచ్చింది. ఇంకోటి ఎత్తాడు. అదీ అంతే. మూడోది ఎత్తి కిందపెట్టి, నుదురు తుడుచుకున్నాడు.

"అమ్మా, అన్నీ పొడుగొచ్చాయి. మూల దగ్గర రెండు గోడల పలకలూ గుద్దుకుంటాయి. కలవవు."

"మీరెలా కోశారు?"

"మీరు బయటి గీతన్నారు. బయటి గీతే కోశాను."

మిషనక్క పలక చివర చూసింది. లోపలి గీత ఇంకా తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. గుడ్డయితే ఆ అంగుళం మడతలోకి పోతుంది. చెక్క ఎక్కడికి పోతుంది?

సంగతి అర్థమయ్యేసరికి భర్తకి నవ్వాగలేదు. "చెక్కకి కూడా లోపల గుడ్డ వదిలావా? రేపు షెడ్డు లావెక్కితే విప్పి మళ్ళీ కుట్టడానికా?" కుర్చీ ముందుకీ వెనక్కీ ఊగింది. "ఒరేయ్, మీ అమ్మ దీనికి బొత్తాలు కూడా పెడుతుందేమో అడుగు."

కొడుకు కూడా నవ్వాడు. మిషనక్క వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"నవ్వండి. అంత ఊగి నవ్వినా మీ ప్యాంటు చిరగకుండా ఉందంటే, అప్పుడెప్పుడో లోపల నేను వదిలిన గుడ్డ వల్లే. ఇప్పటికి రెండుసార్లు విప్పాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

కోడలు గబగబా నిమ్మచెట్టు వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. భర్త కాలు మీంచి కాలు తీసి సర్దుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నాడు మేస్త్రి. "అన్నీ మళ్ళీ కోయాలంటే చీకటి పడుతుంది. బండి మధ్యాహ్నానికే వస్తుందంటున్నారు."

మిషనక్క మేస్త్రి చొక్కా వైపు చూస్తోంది. "కదలకండి," అని ముందుకొచ్చి, బొత్తాల పట్టీ రెండు వేళ్ళతో పట్టుకుంది. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. చొక్కా రెండు భాగాల్నీ అంచుకి అంచు ఆనించి ఎవరూ కుట్టరు. ఒకటి లోపలికి పోతుంది. రెండోది దాని మీదకి వస్తుంది. అందుకే గాలి దూరదు.

"పలక ఈ మూలకి సమంగా పెట్టండి," అంది. "మిగిలిన పొడుగంతా ఆ మూలకి తోసేయండి. అక్కడ పక్కగోడ పలక చివర దీని వెనక్కి వస్తుంది. మళ్ళీ దాని పొడుగు దాని తర్వాత మూలకి. అలా చుట్టూ తిరిగి రండి."

మేస్త్రి గాల్లో వేలితో నాలుగు మూలలూ తిరిగి చూసుకున్నాడు. "కుదురుతుంది. మూలల్లో వాన కూడా దూరదు. కానీ ప్రతి మూలా తోకలు మిగుల్తాయమ్మా."

"మిగలనివ్వండి."

"చూడ్డానికి బాగోదు."

"చూడమని ఎవర్నీ పిలవలేదు. చూసేవాళ్ళు కుర్చీ వాళ్ళే తెచ్చుకున్నారు."

సుత్తి మోగడం మొదలైంది. మిషనక్కా కోడలూ పలకలందిస్తుంటే మేస్త్రి ఒక గోడ తర్వాత ఇంకో గోడ కొట్టుకుంటూ పోయాడు. తలుపున్న గోడకి మాత్రం ఈ ఉపాయం పనికిరాలేదు, అక్కడ పలకల పొడుగు గుమ్మానికి అడ్డొచ్చి, ఆ చివర కోయక తప్పలేదు. చేతిరంపంతో ఆవిడే కోసింది. అరచేతిలో పొక్కు లేచి, చితికింది. చేతికి గుడ్డముక్క చుట్టుకుని మళ్ళీ కోసింది.

మూడు గోడలు లేచి, నాలుగోది మోకాలెత్తుకి వచ్చేసరికి వీధిలో బండి హారను వినబడింది.

పాత సామాన్ల ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చి, లేచిన గోడలవైపూ కుర్చీలో మనిషివైపూ మార్చిమార్చి చూశాడు. "ఏవండీ, కలప ఉందన్నారు. ఇక్కడ ఇల్లు కనబడుతోంది."

"నేల మీదున్నదంతా మీదే," అన్నాడు భర్త.

"అవును," అంది మిషనక్క. "గోడకెక్కింది నాది, నేల మీదున్నది మీది. రూలు మా ఆయన పెట్టిందే, నేను కాదనను. మీరు ఎత్తుకోండి బాబూ, నేనూ ఎత్తుకుంటాను. ఎవరి చేయి ముందుపడితే వాళ్ళది."

అని వంగి పలక ఎత్తింది. రెండో చివర కోడలు పట్టుకుంది. మేస్త్రి మేకులు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సామాన్లాయన ఒక పలక ఎత్తి బండి దాకా మోసి వచ్చేలోపు ఇక్కడ రెండు గోడకెక్కాయి. కొడుకు అటూ ఇటూ చూసి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నువ్వు కూర్చోరా," అన్నాడు తండ్రి.

"ఎక్కడ కూర్చోను? కుర్చీలో మీరున్నారుగా," అని కొడుకు సుత్తి అందుకున్నాడు.

సామాన్లాయన మూడో పలక దగ్గర ఆగి నడుం పట్టుకున్నాడు. "నేను ఒక్కణ్ణి, వాళ్ళు నలుగురు. మీరూ ఓ చేయి వెయ్యండి సారూ. లేకపోతే నాకు మిగిలేది ఆ నిమ్మచెట్టే."

భర్తకి పౌరుషం వచ్చింది. లేచాడు. పెద్ద పలక ఒకటి చూసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక్క ఊపులో వంగాడు.

చర్రుమన్న చప్పుడు అందరికీ వినబడింది. సుత్తులు ఆగిపోయాయి.

ఆయన పలక వదిలేసి, ఎంత నెమ్మదిగా నడవొచ్చో అంత నెమ్మదిగా వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. పేపరు ఒళ్ళో పరుచుకున్నాడు.

"లోపల వదిలే గుడ్డకి కూడా ఓ హద్దుంటుంది," అంది మిషనక్క, ఆయన్ని చూడకుండానే. "మేస్త్రిగారూ, ఆ పెద్దది ఇటివ్వండి."

పని మొత్తం అయ్యేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు.

సామాన్లాయనకి మూడు పలకలూ, మిగిలిన వాసాలూ దక్కాయి. ఆ మూడు పలకల వల్ల నాలుగో గోడలో కప్పు కింద అడ్డంగా ఒక సందు మిగిలిపోయింది. దాన్ని మూసేయడానికి ఏదన్నా చూస్తానన్నాడు మేస్త్రి. మధ్యాహ్నపు ఎండ ఆ సందులోంచి పడి లోపల నేల మీద పొడుగ్గా, మిషను బల్ల ఉండాల్సిన చోటే పరుచుకుంది. "ముట్టుకోవద్దు," అంది మిషనక్క. "అద్దం పెట్టండి చాలు."

కలప మీద కప్పిన రేకులే కప్పుకెక్కాయి. చివరికి పాత వంటింటి తలుపు బిగించే పని మిగిలింది. దాని గడియ వంటింట్లోకి పిల్లి దూరకుండా ఎప్పుడో బయటివైపు పెట్టింది. మేస్త్రి తలుపు అలాగే ఎత్తి పెట్టబోతుంటే ఆవిడ ఆపింది.

"తిప్పి పెట్టండి. గడియ లోపలికి రావాలి."

"షెడ్డుకి లోపల గడియ ఎందుకే?" అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. "లోపల దాచుకునేదేముంది?"

"దాచుకునేదేమీ లేదు. లోపల నేనుంటాను."

స్కూలు వాళ్ళ గుడ్డ తాను వచ్చిన రోజు పొద్దున్నే మిషన్ను కొడుకూ కోడలూ మోసి తెచ్చారు. నాలుగు మూలలా పొడుచుకొచ్చిన తోకలతో షెడ్డు ఎవరితోనో తగువుకి మోచేతులు బయటపెట్టి నిలబడ్డట్టుంది. ఒక తోకకి కోడలు అప్పుడే తడిగుడ్డ ఆరేసింది. ఇంకో తోకకి మిషనక్క తన గొడుగు తగిలించింది. నల్లదారం మొదటిసారే బెజ్జంలో దూరింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది.

"నేనే," అన్నాడు భర్త బయటనుంచి. "గడియ తియ్యి."

"పనిలో ఉన్నాను. ఏంటో చెప్పండి."

"చెప్పేది కాదు. ప్యాంటు."

"కిటికీలోంచి ఇవ్వండి."

కిటికీ దగ్గరికి వచ్చి, మడతపెట్టిన ప్యాంటు లోపలికి చాచాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన బట్ట అంత చక్కగా మడిచి ఇవ్వడం ఆవిడ చూడ్డం అదే మొదటిసారి. తీసుకుని, కుట్టు విప్పి వెలుతురుకి పట్టి చూసింది. లోపల ఇంకో అర అంగుళం ఉంది.

"ఎప్పటికిస్తావు?"

"యూనిఫారాలయ్యాక."

"అంతవరకూ నేనేం చెయ్యాలి?"

"సోఫా ఉందిగా," అంది మిషనక్క, ప్యాంటు పక్కన పెట్టి కొత్త గుడ్డ సూది కిందకి తోస్తూ. "హాయిగా కూర్చోండి."